వర్డ్ ప్రాసెసర్ పత్రం నుంచి పూర్తి పేజీ చిత్ర ముద్రణ

వర్డ్ ప్రాసెసర్‌లో తయారైన పత్రంలోని ఒక చిత్రాన్ని కాగితం మొత్తం నిండేటట్లు గాని, కాగితం మీద ప్రింటర్ అచ్చు వేయగలిగినంత మేర నిండేటట్లు గాని ముద్రించడాన్ని పూర్తి పేజీ చిత్ర ముద్రణ అంటారు. ప్రాజెక్టు నివేదికల ముఖచిత్రాలకు, సభల కరపత్రాలకు, ప్రశంసాపత్రాల నేపథ్యాలకు, తరగతి గదిలో అంటించే పటాలకు ఈ పద్ధతి నిత్యం అవసరమవుతుంది. వర్డ్ ప్రాసెసర్ ప్రధానంగా అక్షరాలను వరుసలుగా, వరుసలను పేరాలుగా, పేరాలను పేజీలుగా పేర్చడానికి రూపొందిన సాధనం కనుక, పేజీ మొత్తాన్ని ఒకే చిత్రానికి అప్పగించడం దాని సహజ స్వభావానికి కొంత వెలుపలి పని. తెర మీద అంచుల దాకా నిండుగా కనిపించిన బొమ్మ కాగితం మీద చుట్టూ తెల్లని చట్రంతో రావడానికి, ఒక పక్క తెగిపోవడానికి, వెనుక ఒక ఖాళీ పేజీని వెంటబెట్టుకుని రావడానికి మూలం ఇదే.

ఈ ముద్రణలో నాలుగు దీర్ఘచతురస్రాలు పాల్గొంటాయి. మొదటిది ట్రేలో పెట్టిన కాగితం. రెండోది ఆ కాగితం మీద ప్రింటర్ సిరా లేదా టోనర్ వేయగలిగిన ప్రాంతం. దీన్ని ముద్రణ క్షేత్రం అంటారు. మూడోది పత్రంలో మార్జిన్లు పోగా మిగిలే అక్షర క్షేత్రం. నాలుగోది చిత్రం. ఈ నాలుగింటి కొలతలు సాధారణంగా ఒకదానితో ఒకటి కలవవు. పూర్తి పేజీ ముద్రణకు సంబంధించిన మెలకువలన్నీ వీటిని పొందికగా కుదర్చడానికి ఉద్దేశించినవే.

చారిత్రక నేపథ్యం

1978లో వెలువడిన వర్డ్‌స్టార్ వంటి తొలి తరం వర్డ్ ప్రాసెసర్లు కేవలం అక్షరాలతో పనిచేసేవి. అప్పటి ప్రింటర్లలో డైసీ వీల్ రకానికి చిత్రం అనేదే సాధ్యం కాదు. పూరేకుల వంటి తీగల చివర పోతపోసిన అక్షరాలు రిబ్బన్ మీద కొట్టడమే దాని పని. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు సూదులతో చుక్కలు పొడిచి బొమ్మలు వేయగలిగినా, వాటిలో పట్టీపట్టీకి మధ్య గీతలు కనిపించేవి.

అక్షరాన్ని, చిత్రాన్ని ఒకే విధంగా చుక్కల సముదాయంగా చూసే ఆలోచన కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ సంస్థ నెలకొల్పిన పరిశోధనా కేంద్రంలో బలపడింది. అక్కడ 1973లో ఆల్టో కంప్యూటర్, 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోని ప్రభృతులు రూపొందించిన బ్రావో అనే వర్డ్ ప్రాసెసర్ పుట్టాయి. తెర మీద కనిపించిన రూపమే కాగితం మీదికి రావాలన్న సూత్రాన్ని బ్రావో ఆచరణలో చూపింది. అదే కేంద్రంలో గ్యారీ స్టార్క్‌వెదర్ లేజర్ ప్రింటర్‌ను తీర్చిదిద్దగా, ఆ కృషి 1977లో జిరాక్స్ 9700 అనే వాణిజ్య యంత్రంగా బయటికి వచ్చింది.

పూర్తి పేజీ చిత్రానికి అడ్డుపడిన అసలు సమస్య జ్ఞాపకశక్తిదని 1984, 1985 సంవత్సరాల్లో వచ్చిన రెండు ప్రింటర్లను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 1984లో హ్యూలెట్ ప్యాకార్డ్ విడుదల చేసిన లేజర్‌జెట్, మరుసటి ఏడాది యాపిల్ విడుదల చేసిన లేజర్‌రైటర్ రెండూ కానన్ తయారుచేసిన ఒకే రకం ముద్రణ యంత్రాంగం మీద నడిచినవే. రెండూ అంగుళానికి 300 చుక్కలు వేయగలిగినవే. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు ఉన్న లెటర్ కాగితం మీద ఆ లెక్కన 84 లక్షలకు పైగా చుక్కలు పడతాయి. ఒక్కో చుక్కకు ఒక్కో బిట్ చొప్పున చూసినా పేజీకి సుమారు 10 లక్షల 50 వేల బైట్లు కావాలి. మొదటి లేజర్‌జెట్‌లో ఉన్నది 128 కిలోబైట్లే. అందువల్ల అది పూర్తి పేజీ చిత్రాన్ని అంగుళానికి 75 చుక్కల ముతక స్థాయిలో మాత్రమే ముద్రించగలిగేది. 300 చుక్కల నాణ్యతతో కావాలంటే బొమ్మను చిన్నది చేయవలసి వచ్చేది. లేజర్‌రైటర్‌లో 1.5 మెగాబైట్ల జ్ఞాపకశక్తితో పాటు, జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో స్థాపించిన అడోబీ సంస్థ రూపొందించిన పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ వర్ణన భాష ఉండటంతో, పేజీ నిండా సన్నని చుక్కలతో బొమ్మ వేయడం కార్యాలయ బల్ల మీదనే సాధ్యమైంది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్, అంటే మన ఊళ్లలో డీటీపీగా స్థిరపడిన వృత్తి, అక్కడి నుంచే మొదలైంది.

మైక్రోసాఫ్ట్ వర్డ్ డాస్ మీద 1983లో, మెకింటాష్ మీద 1985లో, విండోస్ మీద 1989లో వచ్చింది. తరువాతి దశాబ్దంలో ఇంక్‌జెట్ ప్రింటర్లు చవకై ఇళ్లలోకి రావడం, జ్ఞాపకశక్తి ధర పడిపోవడం, కెమెరాలు డిజిటల్ కావడం కలిసివచ్చి, ఒకప్పుడు అచ్చుకూటానికే పరిమితమైన పని సాధారణ వినియోగదారు చేతికి అందింది.

కాగితం కొలతలు, చిత్రం నిష్పత్తి

భారతదేశంలో కార్యాలయాల్లో, జిరాక్స్ షాపుల్లో వాడే ప్రధానమైన కాగితం ఏ4. దీని వెడల్పు 210 మి.మీ., పొడవు 297 మి.మీ. ఈ వరుస కొలతలను 1922లో జర్మనీలో వాల్టర్ పోర్స్ట్‌మన్ రూపొందించిన డిన్ 476 ప్రమాణం స్థిరపరచగా, 1975లో అది ఐఎస్ఓ 216 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇందులో పొడవు వెడల్పుల నిష్పత్తి రెండు వర్గమూలం, అంటే సుమారు 1.414. ఈ నిష్పత్తి ఉన్న కాగితాన్ని పొడవు మధ్యకు మడిస్తే వచ్చే సగం కూడా అదే నిష్పత్తిలో ఉంటుంది. అందువల్ల ఏ4 కోసం తయారుచేసిన పూర్తి పేజీ చిత్రాన్ని ఏ3కి పెంచినా, ఏ5కి కుదించినా ఏ వైపూ తెగదు. అమెరికా, కెనడాల్లో వాడే లెటర్ కాగితం 215.9 మి.మీ. వెడల్పు, 279.4 మి.మీ. పొడవు ఉంటుంది. ఏ4తో పోలిస్తే ఇది దాదాపు 6 మి.మీ. వెడల్పు ఎక్కువ, 17.6 మి.మీ. పొట్టి. అక్కడి తెలుగువారు లెటర్ కొలతలో తయారుచేసి పంపిన కరపత్రాన్ని ఇక్కడ ఏ4 మీద తీసినప్పుడు కింద, పైన ఖాళీ ఎక్కువ రావడానికి, లేదా పక్కలు తెగడానికి ఈ తేడాయే కారణం. వర్డ్‌లో ఈ రెండు కొలతల మధ్య పత్రాన్ని తనంతట తాను కుదించే సదుపాయం మొదటి నుంచే పనిచేస్తూ ఉంటుంది. మామూలు ఉత్తరానికి అది మేలు చేసినా, అంచు నుంచి అంచుకు ఉండవలసిన బొమ్మకు మాత్రం అనుకోని మార్పు తెస్తుంది.

చిత్రాలు కాగితం నిష్పత్తిలో పుట్టవు. ఫోన్ కెమెరాల్లో ఎక్కువగా కనిపించే నిష్పత్తి 4:3, పెద్ద కెమెరాల్లో 3:2. ఏ4 నిష్పత్తి సరిగ్గా ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. 4:3 చిత్రాన్ని ఏ4 నిండా పరిస్తే వెడల్పులోను, 3:2 చిత్రాన్ని పరిస్తే పొడవులోను సుమారు 5.7 శాతం కత్తిరింపుకు పోతుంది. 16:9 నిష్పత్తిలోని తెరచిత్రమైతే పొడవులో అయిదో వంతుకు పైగా వదులుకోవాలి. కత్తిరించడం ఇష్టం లేక చిత్రాన్ని ఒకవైపు లాగి సాగదీస్తే మనుషుల ముఖాలు సన్నబడటమో వెడల్పు కావడమో జరుగుతుంది. నిష్పత్తి చెడకుండా పరిమాణం మార్చి, మిగిలినదాన్ని క్రాప్ సాధనంతో తీసివేయడం సరైన మార్గం. ఏ భాగం పోతే నష్టం లేదో నిర్ణయించే అవకాశం అప్పుడు మనిషి చేతిలో ఉంటుంది.

ప్రింటర్ వదిలే అంచు

మార్జిన్లను సున్నా చేసినా చాలా ప్రింటర్లు కాగితం అంచు దాకా అచ్చు వేయవు. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, యంత్రం నిర్మాణానికి సంబంధించిన హద్దు. లేజర్ ప్రింటర్‌లో విద్యుదావేశం ఎక్కించిన డ్రమ్ మీద లేజర్ కిరణం బొమ్మను గీస్తుంది, టోనర్ పొడి ఆ గీసిన చోట అంటుకుంటుంది, అక్కడి నుంచి కాగితం మీదికి మారుతుంది, చివరకు ఫ్యూజర్ అనే వేడి రోలర్ల మధ్య నలిగి కరిగి అతుక్కుంటుంది. బొమ్మ కాగితం అంచు దాటితే మిగిలిన పొడి లోపలి రోలర్లను మురికిచేసి తరువాతి కాగితాల వెనుక మరకలు వేస్తుంది. పైగా కాగితం ముందు అంచున టోనర్ ఉంటే ఆ అంచు ఫ్యూజర్ రోలర్‌కు అతుక్కుని చుట్టుకుపోయే ప్రమాదం ఉంది. ఈ కారణాల వల్ల లేజర్ ప్రింటర్లు సాధారణంగా నాలుగు వైపులా 4 మి.మీ.కు కొంచెం అటూ ఇటూగా ఖాళీ వదులుతాయి.

ఇంక్‌జెట్‌లో వేడి రోలర్ లేదు గాని, కాగితాన్ని ముందుకు నడిపే రోలర్ల పట్టు ముఖ్యం. కాగితం అడుగుభాగం లోపలికి నెట్టే రోలర్‌ను దాటిపోయాక బయటికి లాగే చక్రాల పట్టు ఒక్కటే మిగులుతుంది కనుక కదలికలో కచ్చితత్వం తగ్గుతుంది. అందుకే చాలా పాత ఇంక్‌జెట్లలో మిగతా మూడు వైపులా సుమారు 3 మి.మీ. ఉన్న అంచు అడుగున మాత్రం 12 మి.మీ.ను మించి ఉండేది. ఫొటోల కోసం తయారయ్యే నమూనాల్లో అంచులేని ముద్రణ, అంటే బార్డర్‌లెస్ సదుపాయం ఉంటుంది. ఇందులో డ్రైవర్ బొమ్మను కాగితం కన్నా కొద్దిగా పెద్దది చేసి అంచు దాటి సిరా చల్లుతుంది. బయట పడిన సిరాను కాగితం కింద అమర్చిన మెత్త పీల్చుకుంటుంది. బొమ్మ నాలుగు అంచుల నుంచి సన్నని పట్టీ ఎటూ పోతుంది కనుక పేర్లు, తేదీలు, సంస్థల చిహ్నాలు అంచుకు కనీసం 5 మి.మీ. లోపల ఉంచడం మంచిది.

బార్డర్‌లెస్ సదుపాయం లేనప్పుడు అంచు దాకా బొమ్మ కావాలంటే పెద్ద కాగితం మీద ముద్రించి కోయడం ఒక్కటే దారి. అచ్చుకూటాలు చేసేదీ ఇదే. కోతలో అర మిల్లీమీటరు తప్పినా తెల్లగీత కనిపించకుండా బొమ్మను నాలుగు వైపులా 3 మి.మీ. పెంచి వేస్తారు, ఈ అదనపు భాగాన్ని బ్లీడ్ అంటారు. ఏ4 ముఖచిత్రానికి బ్లీడ్‌తో కలిపి 216 మి.మీ. వెడల్పు, 303 మి.మీ. పొడవు ఉన్న బొమ్మ కావాలి. దాన్ని ఏ3 కాగితం మీద తీసి గిలెటిన్ కట్టర్‌తో కోస్తారు. ఏ5 కరపత్రం చాలనుకుంటే ఏ4 కాగితమే ఆ పెద్ద కాగితంగా సరిపోతుంది.

పత్రంలో చిత్రం నిలిచే తీరు

వర్డ్ ప్రాసెసర్‌లో చిత్రం రెండు విధాలుగా నిలుస్తుంది. మొదటిది పాఠంతో పాటు వరుసలో నిలవడం. వర్డ్‌లో దీన్ని 'ఇన్ లైన్ విత్ టెక్స్ట్' అంటారు. అప్పుడు చిత్రం ఎంత పెద్దదైనా ప్రోగ్రాం దాన్ని ఒక అక్షరంగానే లెక్కిస్తుంది. అది మార్జిన్ల లోపలే ఉంటుంది, పేరాకు ఉన్న వరుసల ఎడం దానికీ వర్తిస్తుంది. వరుసల ఎడాన్ని 'ఎగ్జాక్ట్‌లీ' అనే నిర్దిష్ట కొలతకు బిగించిన పేరాలో చిత్రాన్ని పెడితే, ఆ కొలతకు మించిన భాగం కనిపించకుండా పోయి సన్నని పట్టీ మాత్రం మిగులుతుంది. తెలుగు పాఠంలో వత్తుల అడుగుభాగం తెగినట్లు కనిపించడానికి కూడా ఈ అమరికే కారణం కావచ్చు.

రెండోది తేలియాడే చిత్రం. ఇది వరుసల నుంచి విడివడి పేజీ మీద ఏ బిందువు దగ్గరైనా నిలుస్తుంది, అక్షరాల ముందు గాని వెనుక గాని ఉంటుంది. అయినా దాన్ని ఏదో ఒక పేరాకు ముడివేసి ఉంచుతారు. ఈ ముడిని యాంకర్, అంటే లంగరు అంటారు. పైన పాఠం పెరిగి ఆ పేరా తరువాతి పేజీకి జరిగితే చిత్రం కూడా దానితో పాటు జరుగుతుంది. ముఖచిత్రం ఉన్నట్టుండి రెండో పేజీకి పోయిందంటే దాని లంగరు ఏ పేరాకు ఉందో చూడాలి.

ఈ వ్యవహారమంతా ఫైలు లోపల స్పష్టంగా రాసి ఉంటుంది. 2007 నుంచి వర్డ్ వాడుతున్న డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ కట్ట. దాని ప్రతి ఒకటి తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పితే, 'వర్డ్' ఫోల్డర్‌లోని 'మీడియా' ఫోల్డర్‌లో చిత్రాలు విడి ఫైళ్లుగా కనిపిస్తాయి. పత్రం పాఠాన్ని దాచే ఎక్స్ఎమ్ఎల్ ఫైలులో వరుసలో నిలిచే చిత్రానికి 'ఇన్‌లైన్', తేలియాడే చిత్రానికి 'యాంకర్' అనే గుర్తులు ఉంటాయి. పేజీ కొలతను పాయింట్‌లో ఇరవయ్యో వంతు ప్రమాణంతో రాస్తారు కనుక ఏ4 అక్కడ 11906, 16838 అనే అంకెలుగా కనిపిస్తుంది. చిత్రం కొలతను ఈఎమ్‌యూ అనే మరింత సూక్ష్మమైన ప్రమాణంతో రాస్తారు. అంగుళానికి 9,14,400, సెంటీమీటరుకు 3,60,000 ఈఎమ్‌యూలు. అంగుళాల్లో చెప్పినా సెంటీమీటర్లలో చెప్పినా పూర్ణాంకం రావాలని ఈ సంఖ్యలను ఎంచుకున్నారు. ఏ4 నిండిన చిత్రం అక్కడ 75,60,000 వెడల్పు, 1,06,92,000 పొడవుగా నమోదై ఉంటుంది.

వర్డ్, రైటర్‌లలో విధానం

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పత్రం మొదట్లో నాలుగు వైపులా 2.54 సెం.మీ., అంటే అంగుళం మార్జిన్ ఉంటుంది. పత్రమంతా ఈ మార్జిన్లతోనే ఉండి ఒక్క పేజీకి మాత్రమే పూర్తి చిత్రం కావలసినప్పుడు మార్జిన్లను కదిలించనక్కరలేదు. చిత్రాన్ని చొప్పించి, దాన్ని 'బిహైండ్ టెక్స్ట్' అమరికకు మార్చి, లేఅవుట్ పెట్టెలో అడ్డంగాను నిలువుగాను స్థానాన్ని మార్జిన్ నుంచి కాక పేజీ నుంచి సున్నా దూరంగా నిర్ణయించి, పరిమాణాన్ని 21 సెం.మీ., 29.7 సెం.మీ.గా ఇస్తే అది పేజీని కప్పుతుంది. మౌస్‌తో లాగి అంచులు కలపడం కన్నా అంకెలు టైపు చేయడం ఎన్నో రెట్లు నమ్మకమైనది. తరువాత లంగరును తాళం వేసి ఉంచే సదుపాయం కూడా అక్కడే ఉంటుంది.

చిత్రం అడ్డంగా ఉండి పత్రం నిలువుగా ఉంటే, ఆ పేజీకి ముందూ వెనుకా సెక్షన్ బ్రేక్ పెట్టి మధ్య పేజీని మాత్రమే ల్యాండ్‌స్కేప్‌కు మార్చాలి. సెక్షన్ అంటే సొంత కాగితం కొలత, సొంత దిశ, సొంత మార్జిన్లు ఉండే పత్రభాగం. ప్రతి పేజీ వెనుకా ఒకే బొమ్మ రావలసిన ప్రశంసాపత్రాల వంటి వాటికి చిత్రాన్ని హెడర్‌లోకి ప్రవేశించి చొప్పించడం ఉత్తమం. అప్పుడది ఆ సెక్షన్‌లోని పేజీలన్నిటి వెనుక నిలుస్తుంది, పాఠం దిద్దేటప్పుడు పొరపాటున కదలదు.

డిజైన్ మెనూలోని 'పేజ్ కలర్' ద్వారా కూడా చిత్రాన్ని నేపథ్యంగా పరచవచ్చు గాని, వర్డ్ ఆ నేపథ్యాన్ని ముద్రించాలంటే ఆప్షన్లలోని డిస్‌ప్లే విభాగంలో నేపథ్య రంగులు, చిత్రాలు ముద్రించాలన్న గడిలో టిక్కు పెట్టాలి. తెర మీద కనిపించిన రంగు కాగితం మీద మాయమయ్యే సందర్భాల్లో ముందుగా చూడవలసిన చోటు ఇది. ఈ నేపథ్యం చిన్న బొమ్మ అయితే పలకలుగా పునరావృతమవుతుంది కనుక ఒక్క ముఖచిత్రానికి ఈ పద్ధతి సరిపడదు.

వరుసలో నిలిచిన చిత్రం అక్షర క్షేత్రాన్ని పూర్తిగా ఆక్రమించినప్పుడు, దాని వెనుక ఉన్న పేరా గుర్తుకు చోటు చాలక అది తరువాతి పేజీకి జారి, ఒక ఖాళీ కాగితం ప్రింటర్ నుంచి వస్తుంది. ఆ అదనపు పేరాను తొలగించడం, తొలగించ వీలులేకపోతే దాని అక్షర పరిమాణాన్ని ఒక పాయింట్‌కు తగ్గించడం, లేదా చిత్రాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు కుదించడం దీనికి పరిష్కారాలు.

ఉచితంగా లభించే లిబ్రెఆఫీస్ రైటర్‌లో సెక్షన్ బ్రేకుల స్థానాన్ని పేజీ శైలులు తీసుకుంటాయి. ముఖపుటకు ఒక పేజీ శైలి, లోపలి పుటలకు మరొకటి ఏర్పరచి, ముఖపుట శైలికి మార్జిన్లు సున్నా చేయవచ్చు, లేదా ఆ శైలిలోని 'ఏరియా' విభాగంలో చిత్రాన్ని నేపథ్యంగా ఇవ్వవచ్చు. పాత సంచికల్లో ఈ నేపథ్యం మార్జిన్ల లోపలికే పరిమితమయ్యేది. కొత్త సంచికల్లో మార్జిన్లను కూడా కప్పే సదుపాయం ఉంది. రైటర్‌లో చిత్రానికి లంగరును పేరాకు కాక నేరుగా పేజీకే వేయవచ్చు. పాఠం ఎంత పెరిగినా చిత్రం ఆ పేజీ మీదే ఉంటుంది కనుక ముఖచిత్రాలకు ఇది అనువైన ఏర్పాటు.

స్పష్టతకు కావలసిన పిక్సెళ్లు

చిత్రం పేజీ నిండినంత మాత్రాన స్పష్టంగా ఉండదు. చిత్రంలోని పిక్సెళ్లు కాగితం మీద అంగుళానికి ఎన్ని పడుతున్నాయన్నది పీపీఐ అనే కొలత చెబుతుంది. చేతిలో పట్టుకుని చూసే ముద్రణకు 300 పీపీఐ మంచి ప్రమాణం. ఏ4 నిండా ఆ ప్రమాణం కావాలంటే 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల పొడవు ఉండాలి. గోడకు అంటించి దూరం నుంచి చూసే పటానికి 150 పీపీఐ, అంటే 1240, 1754 పిక్సెళ్లు కూడా సరిపోతాయి.

4032, 3024 పిక్సెళ్లు ఉన్న 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటోను నిలువుగా ఏ4 నిండా పరిస్తే సుమారు 345 పీపీఐ దక్కుతుంది, కనుక అది ముఖచిత్రానికి నిశ్చింతగా పనికివస్తుంది. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలు నాణ్యతతో చేతులు మారి వస్తే పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. అప్పుడు మిగిలేది 137 పీపీఐ మాత్రమే. దానికి తోడు కుదింపులో వచ్చిన గళ్లు ఆకాశం, చర్మం వంటి నున్నని ప్రాంతాల్లో బయటపడతాయి. ఫొటోను డాక్యుమెంట్ రూపంలో గాని, ఈమెయిల్ జతగా గాని తెప్పించుకోవడం వల్ల ఈ నష్టం తప్పుతుంది. వర్డ్ కూడా పత్రాన్ని సేవ్ చేసేటప్పుడు చిత్రాలను కుదిస్తుంది. చాలా సంచికల్లో ఈ హద్దు 220 పీపీఐ. ముఖ్యమైన చిత్రం ఉన్న పత్రంలో ఆప్షన్ల అడ్వాన్స్‌డ్ విభాగంలో ఫైలులోని చిత్రాలను కుదించవద్దన్న గడిని, చిత్రం చొప్పించకముందే, ఎంచుకోవాలి; ఒకసారి పోయిన పిక్సెళ్లు తరువాత తిరిగి రావు.

ప్రింటర్ పెట్టె మీద కనిపించే 600 డీపీఐ, 1200 డీపీఐ అంకెలు వేరే సంగతి. అవి ప్రింటర్ వేయగల చుక్కలు. నలుపు లేజర్ ప్రింటర్‌కు తెలిసినవి నలుపు, కాగితపు తెలుపు మాత్రమే కనుక బూడిద ఛాయలను చుక్కల గుంపులతో భ్రమింపజేయాలి. ఈ పద్ధతిని హాఫ్‌టోన్ అంటారు. 600 డీపీఐ ప్రింటర్ అంగుళానికి 100 గళ్ల వరుసలు ఏర్పరిస్తే ఒక్కో గడిలో అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు, మొత్తం 36 చుక్కలకు చోటుంటుంది. పూర్తి తెలుపుతో కలిపి 37 ఛాయలు లభిస్తాయి. ఒక గడికి ఒకటిన్నర నుంచి రెండు పిక్సెళ్లు చాలు కనుక ఇటువంటి ప్రింటర్‌కు 150 నుంచి 200 పీపీఐ చిత్రం ఇచ్చినా నాణ్యత లోపించదు. ఇంక్‌జెట్లు గళ్లకు బదులు చుక్కలను చెల్లాచెదురుగా వెదజల్లే పద్ధతులను వాడతాయి. 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయీ స్టైన్‌బర్గ్ ప్రచురించిన దోష వితరణ పద్ధతి వీటిలో ప్రసిద్ధమైనది. ఒక బిందువు దగ్గర వచ్చిన ఛాయాభేదాన్ని పక్క బిందువులకు పంచడం దీని సారాంశం.

రంగు, కాగితం

తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలిపి రంగులను పుట్టిస్తుంది. ప్రింటర్ సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో కాగితం నుంచి తిరిగివచ్చే కాంతిని తగ్గిస్తూ రంగులను పుట్టిస్తుంది. ఈ రెండు పద్ధతులు అందుకోగల రంగుల పరిధి ఒకటి కాదు. తెర మీద మెరిసే ముదురు నీలం కాగితం మీద ఊదా వైపు మొగ్గడం, చిలకపచ్చ మసకబారడం దీని ఫలితాలు. వర్డ్ ప్రాసెసర్లు చిత్రాలను తెర రంగుల విధానంలోనే నడిపిస్తాయి, మార్పిడిని ప్రింటర్ డ్రైవర్ చేస్తుంది. కనుక రంగు కచ్చితంగా ఉండవలసిన పనికి అదే ప్రింటర్ మీద, అదే కాగితం మీద ఒక నమూనా ప్రతి తీసి చూడటమే ఆధారపడదగిన పరీక్ష.

పేజీ నిండా బొమ్మ అంటే పేజీ నిండా సిరా. 70 నుంచి 80 జీఎస్ఎం మామూలు కాగితం, అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాములు తూగేది, ఇంక్‌జెట్ తడికి అలలు తేలుతుంది, వెనుక వైపు రంగు కనిపిస్తుంది. ఇంక్‌జెట్ చిత్రాలకు పూత పూసిన ఫొటో కాగితం వాడి, డ్రైవర్‌లో ఆ కాగితం రకాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే ఎంత సిరా చల్లాలన్నది డ్రైవర్ దాన్నిబట్టే నిర్ణయిస్తుంది. ఇంక్‌జెట్ కోసం చేసిన మెరుపు కాగితాన్ని లేజర్ ప్రింటర్‌లో పెట్టకూడదు. ఫ్యూజర్ వేడికి దాని పూత కరిగి రోలర్లకు అంటుకుని యంత్రం పాడవుతుంది. లేజర్‌కు దానికోసమే తయారైన ఆర్ట్ కాగితం వేరుగా దొరుకుతుంది.

పీడీఎఫ్‌గా మార్చి ముద్రించడం

పత్రాన్ని తయారుచేసిన కంప్యూటర్ ఒకటి, ముద్రించేది మరొకటి అయినప్పుడు వర్డ్ ఫైలును నేరుగా ఇవ్వడం వల్ల చిక్కులు వస్తాయి. ప్రింటర్ మారితే ముద్రణ క్షేత్రం మారుతుంది, ఫాంట్ లేకపోతే వరుసలు జరుగుతాయి, వరుసలు జరిగితే లంగరు వేసిన చిత్రమూ జరుగుతుంది. తెలుగు పత్రాలకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అను వంటి యూనికోడేతర ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకృతులను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చి ఉంచుతారు కనుక, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ముఖచిత్రం మీది శీర్షిక ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగంగా కనిపిస్తుంది. 1993లో అడోబీ ప్రవేశపెట్టి, 2008లో ఐఎస్ఓ 32000 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైన పీడీఎఫ్ రూపం ఫాంట్లను, చిత్రాలను, వాటి స్థానాలను ఒకే ఫైలులో బంధిస్తుంది. ఊళ్లో జిరాక్స్ షాపుకు పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లవలసింది ఆ రూపమే.

పీడీఎఫ్ ముద్రించేటప్పుడు కనిపించే 'ఫిట్' అనే ఎంపిక పేజీని ప్రింటర్ ముద్రణ క్షేత్రంలోకి కుదిస్తుంది. బొమ్మ ఏ వైపూ తెగదు గాని చుట్టూ తెల్లని అంచు ఎక్కువవుతుంది. 'యాక్చువల్ సైజ్' అనేది కొలతలను యథాతథంగా ఉంచి, ప్రింటర్ అందుకోలేని అంచును మాత్రం వదిలేస్తుంది. కోసి అతికించవలసిన పటాలకు, కొలతలు ముఖ్యమైన నమూనాలకు రెండోదాన్నే ఎంచుకోవాలి. అంచులేని ముద్రణ కావలసినప్పుడు ప్రింటర్ డ్రైవర్‌లో ముందుగా బార్డర్‌లెస్ ఏ4 కాగితాన్ని ఎంచుకుంటే, మార్జిన్లు ముద్రణ క్షేత్రం దాటాయన్న హెచ్చరిక వర్డ్ నుంచి సాధారణంగా రాదు.

పరిమితులు

వర్డ్ ప్రాసెసర్ నుంచి పూర్తి పేజీ చిత్రాన్ని ముద్రించడం నివేదికలకు, కరపత్రాలకు, పదుల సంఖ్యలో తీసే ప్రతులకు అన్ని విధాలా యోగ్యమైన పద్ధతి. కాగితం కొలతను ముందు నిర్ణయించుకుని, ప్రింటర్ హద్దును తెలుసుకుని, ఆ తరువాత పేజీని, చివరగా చిత్రాన్ని అమర్చుకునే వారికి కాగితం గాని సిరా గాని వృథా కాదు. కాని బ్లీడ్‌కు, కోత గుర్తులకు, నాలుగు సిరాల రంగు విభజనకు వర్డ్ ప్రాసెసర్లలో సరైన ఏర్పాటు లేదు. వందల ప్రతులు ఆఫ్‌సెట్ మీద వేయవలసిన పుస్తకానికి లోపలి పాఠాన్ని వర్డ్ ప్రాసెసర్‌లో సిద్ధం చేసుకుని, ముఖచిత్రాన్ని మాత్రం ఇన్‌డిజైన్ లేదా ఉచితంగా లభించే స్క్రైబస్ వంటి పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో తయారుచేయించడం మేలు.